ప్రాణాపాయంలో ఉన్న పిల్లలకు ప్రోబయోటిక్స్ ఎంతవరకు పనికొస్తాయి?

వెంటిలేటర్ మీద ఉన్న పిల్లలకు న్యుమోనియా రాకుండా ప్రోబయోటిక్స్, అంటే మేలు కోసం ఇచ్చే బతికున్న సూక్ష్మజీవులు, కాపాడతాయా? ఇది తేల్చడానికి పుదుచ్చేరి జిప్మర్ వైద్యులు 150 మంది పిల్లలతో ఒక అధ్యయనం చేసి 2015లో ప్రచురించారు. ప్రోబయోటిక్ ఇచ్చిన పిల్లల్లో నూటికి 17 మందికి వెంటిలేటర్ న్యుమోనియా వచ్చింది. ఇవ్వని పిల్లల్లో నూటికి 48 మందికి వచ్చింది. ఐసీయూ వైద్యంలో ఇంత తేడా చూపించిన మందులు చాలా అరుదు.

దానికి ఎనిమిదేళ్ల ముందు, 2007లో, అమెరికాలోని ఒక పిల్లల ఐసీయూ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో 61 మంది పిల్లలు. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలోనే ఇన్ఫెక్షన్లు ఎక్కువ కనిపించాయి. గణాంకాల లెక్కలో నిలబడేంత తేడా కాదు గానీ, మేలు చేస్తుందనుకున్నది ఎదురు తిరిగేటట్టు కనబడడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

ఈ రెండింటిలో ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుని మాట్లాడుకోవచ్చు. నిజానికి జరుగుతున్నది అదే. ఒక ఐసీయూలో ముక్కు గొట్టం వేసిన ప్రతి బిడ్డకీ రోజూ ఒక ప్రోబయోటిక్ సాచెట్ వెళ్తుంది. ఇంకో ఐసీయూలో ఆ సాచెట్‌ని గుమ్మం దాటి లోపలికి రానివ్వరు. ఇద్దరి దగ్గరా కాగితాలు ఉన్నాయి. నా ఉద్దేశంలో ఏ కాగితమూ అబద్ధం చెప్పడం లేదు, మనం అడుగుతున్న ప్రశ్నే సరిగ్గా లేదు. 'ప్రోబయోటిక్స్ పనిచేస్తాయా' అని అడగడం 'మాత్రలు పనిచేస్తాయా' అని అడగడం లాంటిది. ఏ మాత్ర, ఏ జబ్బుకి, ఎవరికి, ఎప్పుడు అన్నది తేల్చకుండా జవాబు ఉండదు.

ఐసీయూలో పేగుకి ఏమవుతుంది

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పెద్దపేగులో వందల జాతుల బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. వాటిలో కొన్ని మనం అరిగించుకోలేని పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకి అదే ప్రధానమైన ఇంధనం. అది అందినన్నాళ్లూ ఆ కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, వాటి మీద జిగురు పొర మందంగా ఉంటుంది, లోపలి సూక్ష్మజీవులు లోపలే ఉంటాయి.

ఆ బిడ్డ సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్‌కి శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితిలో, ఐసీయూకి వచ్చిందనుకుందాం. బీపీ పడిపోతే శరీరం గుండెకీ మెదడుకీ రక్తం మిగల్చడానికి పేగుకి వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. బీపీ నిలబెట్టడానికి ఇచ్చే మందులు ఆ రక్తనాళాల్ని ఇంకాస్త బిగిస్తాయి. నొప్పికీ నిద్రకీ ఇచ్చే మార్ఫిన్, ఫెంటానిల్ పేగు కదలికల్ని మందగింపజేస్తాయి. కడుపులో పుండు పడకుండా ఇచ్చే మందు యాసిడ్‌ని తగ్గిస్తుంది. నోటి నుంచి దిగే క్రిముల్ని చంపే మొదటి కాపలా ఆ యాసిడే. పాలూ ఆహారమూ ఆగిపోతాయి కాబట్టి బ్యాక్టీరియాకీ పస్తే. వీటన్నిటి మీద రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ పడతాయి. ప్రతి మందుకీ సరైన కారణమే ఉంటుంది, ఏదీ వద్దనడానికి లేదు. కానీ కొద్ది రోజుల్లోనే బ్యూటిరేట్ చేసే జాతులు పలచబడతాయి. ఖాళీ అయిన చోట క్లెబ్సియెల్లా, ఈ.కోలై, ఎంటెరోకోకస్ లాంటివి, ఒక్కోసారి కాండిడా అనే ఫంగస్, విపరీతంగా పెరుగుతాయి. ఐసీయూలో పిల్లల రక్తంలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరి ప్రాణం మీదకి తెచ్చేవి తరచుగా ఇవే.

ఒక అవయవం తరవాత ఇంకో అవయవం చేతులెత్తేసే స్థితిని వెనకనుంచి నడిపిస్తున్నది పేగే అన్న ఊహ 1980లలోనే వచ్చింది. జంతువుల్లో పేగు నుంచి రక్తంలోకి బ్యాక్టీరియా దాటడాన్ని స్పష్టంగా చూపించగలిగారు. మనుషుల్లో అంత తేలిగ్గా రుజువు కాలేదు. న్యుమోనియా విషయంలో దారి కొంచెం సూటిగా ఉంటుంది. పైకి చేరిన చెడ్డ బ్యాక్టీరియా నోటిలో, గొంతులో తిష్ట వేసి, శ్వాసగొట్టం పక్కనుంచి చుక్క చుక్కగా ఊపిరితిత్తుల్లోకి జారతాయి.

ప్రోబయోటిక్స్ మీద ఆశ ఇక్కడే పుట్టింది. బయటినుంచి మంచి బ్యాక్టీరియాని పంపితే అవి ఖాళీ అయిన చోటుని ఆక్రమిస్తాయి, ఆమ్లాలు చేసి పక్కవాటిని ఎదగనివ్వవు, పేగు కణాల మధ్య అతుకుల్ని బిగిస్తాయి, రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోకుండా చూస్తాయి. ప్రయోగశాలలో ఇవన్నీ ఒక్కో రకానికి ఒక్కోటి చొప్పున చూపించారు. ఆ తర్కంలో లోపమేమీ కనబడదు. చిక్కల్లా, ఏ పేగుకైతే సాయం కావాలో ఆ పేగు గోడే చిల్లులు పడి ఉంది. మనం పంపుతున్నది ప్రాణమున్న సూక్ష్మజీవిని, అదీ కోట్ల కొద్దీ. ఈ వ్యాసంలో రాబోయే మంచీ చెడూ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

డబ్బా మీది పేరు ఎందుకు చదవాలి

తగిన మోతాదులో ఇచ్చినప్పుడు మనిషి ఆరోగ్యానికి మేలు చేసే, బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్ అని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో నిర్వచించాయి. బతికుండాలి, చాలినంత ఉండాలి, మేలు రుజువై ఉండాలి. అంగట్లో ఆ పేరుతో దొరికేవాటిలో చాలావాటికి మూడోదే కొరవడుతుంది.

ఆ మేలు కూడా జాతికి కాదు, ఆ జాతిలోని ఒక ప్రత్యేకమైన స్ట్రెయిన్‌కి, అంటే ఉపరకానికి, వర్తిస్తుంది. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అన్నది జాతి. అందులో జీజీ అన్నది ఒక స్ట్రెయిన్. జీజీ మీద వచ్చిన ఫలితాన్ని అదే జాతిలోని ఇంకో స్ట్రెయిన్‌కి అంటగట్టడానికి వీల్లేదు. సాకరోమైసిస్ బౌలార్డి అయితే బ్యాక్టీరియానే కాదు, ఈస్టు. యాంటీబయాటిక్స్ దాన్ని ఏమీ చేయలేవు. అది కొన్నిచోట్ల సుగుణం, కొన్నిచోట్ల ప్రమాదం. ప్రోబయోటిక్ అనే ఒకే మాట కింద ఇవన్నీ కలిసిపోవడం వల్ల, ఒకదాని పరువు ఇంకొకటి వాడుకుంటోంది. డిశ్చార్జి కాగితంలో 'ప్రోబయోటిక్ రోజుకొకటి' అని రాసి ఊరుకోవడం యాంటీబయాటిక్ విషయంలో ఎవరూ చేయని పని. ఇక్కడ మాత్రం మామూలైపోయింది.

పిల్లల ఐసీయూ అధ్యయనాల్ని దగ్గరగా చూస్తే

జిప్మర్ అధ్యయనం దగ్గరికే మళ్లీ వెళ్దాం. అది ఓపెన్ లేబుల్, అంటే ఎవరికి ప్రోబయోటిక్ వెళ్తోందో వైద్యులకి తెలుసు. వెంటిలేటర్ న్యుమోనియాని నిర్ధారించడం రక్తంలో చక్కెర కొలిచినంత తేలిక కాదు. ఎక్స్‌రేలో మచ్చ కొత్తదా పాతదా, కఫం రంగు మారిందా, ఆక్సిజన్ అవసరం పెరిగిందా అన్నవి చూసి వైద్యుడు ఒక నిర్ణయానికి రావాలి. ఏ బిడ్డకి ఏమిస్తున్నారో ముందే తెలిసినప్పుడు, ఎంత నిజాయతీపరులైనా, ఆ నిర్ణయం కాస్త అటో ఇటో మొగ్గుతుంది. ఇక ప్రోబయోటిక్ ఇవ్వని పిల్లల్లో 48 శాతం అన్న అంకె చూడండి. దాదాపు సగం మందికి న్యుమోనియా వస్తున్న చోట తగ్గించడానికి బోలెడంత జాగా ఉంటుంది. నూటికి ఐదుగురికే వచ్చే ఐసీయూలో అదే సాచెట్ అదే ఫలితం ఇస్తుందని ఎవరూ అనుకోకూడదు. ఆ అధ్యయనాన్ని నేను తీసిపారేయడం లేదు; ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఉండే ఐసీయూలకి అది గట్టి సూచనే. సూచన అంతే.

చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు అధ్యయనాలు ఇంకో పాఠం చెబుతాయి. మొదటిది 2013లో వచ్చింది. బలమైన యాంటీబయాటిక్స్ మీద ఉన్న 150 మంది పిల్లల్లో కాండిడా తిష్ట వేయడాన్ని గమనించారు. రెండు వారాలకి ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో సుమారు 31 శాతం మందిలో, ఇవ్వనివాళ్లలో 50 శాతం మందిలో కాండిడా కనబడింది. మూత్రంలో కాండిడా కూడా తగ్గింది. అయితే బిడ్డ ప్రాణం మీదకి తెచ్చేది రక్తంలోకి చేరిన కాండిడా. అందులో మాత్రం నమ్మదగ్గ తేడా రాలేదు.

రెండోది 2018లో, తీవ్రమైన సెప్సిస్ ఉన్న 100 మంది పిల్లల మీద. ఇది ఎవరికి ఏది వెళ్తోందో తెలియకుండా, ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మందుతో) పోల్చి చేసిన పద్ధతైన పని. వారం రోజులకి ప్రోబయోటిక్ తీసుకున్న పిల్లల రక్తంలో మంటని పెంచే సైటోకైన్లు (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్లు) తగ్గాయి, మంటని అణిచేవి పెరిగాయి. ఇన్ఫెక్షన్లు కొద్దిగా తక్కువ కనిపించాయి గానీ అది యాదృచ్ఛికం కాదని చెప్పలేం. మరణాల్లో స్పష్టమైన తేడా లేదు. రక్తంలో అంకెలు మారాయి. బిడ్డ తొందరగా ఇంటికి వెళ్లిందా అంటే ఖచ్చితమైన జవాబు లేదు. సెప్సిస్ చరిత్రలో సైటోకైన్లని చక్కగా తగ్గించి, రోగిని మాత్రం కాపాడలేకపోయిన మందులు చాలానే ఉన్నాయి.

చిన్న అధ్యయనాల మీద ఎంత భారం వేయవచ్చో పెద్దవాళ్ల ఐసీయూలు 2021లో చూపించాయి. ప్రాస్పెక్ట్ అనే అధ్యయనంలో కెనడా, అమెరికా, సౌదీ అరేబియాల్లోని 44 ఐసీయూల నుంచి 2,650 మంది వెంటిలేటర్ రోగుల్ని తీసుకుని, సగం మందికి జీజీ స్ట్రెయిన్ ఇచ్చారు. అంతకు ముందు వచ్చిన చిన్న అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కేస్తే ప్రోబయోటిక్ వెంటిలేటర్ న్యుమోనియాని తగ్గిస్తున్నట్టే కనబడేది. ఈ పెద్ద అధ్యయనంలో ఇచ్చినవాళ్లలో 21.9 శాతం, ఇవ్వనివాళ్లలో 21.3 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. అంటే తేడా లేదు. పెద్దవాళ్ల ఫలితం పిల్లలకి అచ్చంగా వర్తించదన్న మాట నిజమే. కానీ పిల్లల అధ్యయనాలు మాత్రం ఆ కూలిపోయిన చిన్న అధ్యయనాల పరిమాణంలోనే ఉన్నాయి.

ఎంత పెద్దది కావాలో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక ఐసీయూలో నూటికి పది మంది పిల్లలకి వెంటిలేటర్ న్యుమోనియా వస్తోంది, ప్రోబయోటిక్ దాన్ని ఏడుకి తగ్గిస్తుంది అనుకుందాం. ఆ తేడాని మామూలుగా పాటించే ప్రమాణాలతో పట్టుకోవాలంటే ఒక్కో వైపు దాదాపు 1,350 మంది, మొత్తం 2,700 మంది పిల్లలు కావాలి. పైన చెప్పినవాటిలో ఉన్నది 61, 100, 150.

నెలలు నిండని పసికందుల కథ వేరు

ప్రోబయోటిక్స్ గురించి అన్నిటికన్నా ఎక్కువ ఆధారాలు పోగైంది నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో. వాళ్ల పేగులో ముందునుంచీ కాపురమున్న బ్యాక్టీరియా లేదు. ఇప్పుడిప్పుడే దిగుతున్నాయి, అదీ నవజాత శిశు ఐసీయూలో. పేగు కణజాలం చచ్చిపోయే నెక్రొటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అనే జబ్బు ఈ శిశువులకి పెద్ద గండం.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1,099 మంది శిశువులతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో మూడు స్ట్రెయిన్ల మిశ్రమం ఈ జబ్బుని 4.4 శాతం నుంచి 2 శాతానికి తగ్గించింది. 2016లో ఇంగ్లండ్ నుంచి 1,300 మందికి పైగా శిశువులతో వచ్చిన ఇంకో అధ్యయనంలో బిఫిడోబ్యాక్టీరియం బ్రెవే అనే ఒకే రకం ఇచ్చారు. ఏ మేలూ కనబడలేదు. ఇందులో ఒక వింత ఉంది. ప్లాసిబో ఇచ్చిన శిశువుల మలాన్ని పరీక్షిస్తే, సగానికి దగ్గరగా శిశువుల్లో అదే బ్యాక్టీరియా దొరికింది. వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు. పక్క ఇంక్యుబేటర్ నుంచి, చేతుల మీదుగానో పరికరాల మీదుగానో నడిచి వచ్చింది. మందు తీసుకోని రోగి ఒంట్లో పక్క రోగి మందు కనబడడం మామూలు మందులతో జరగదు. ఫలితాన్ని ఇది కొంత పలుచన చేసి ఉండొచ్చు. ఒక బిడ్డకి ఇవ్వాలని నిర్ణయించడం వార్డు మొత్తానికి నిర్ణయించడంతో సమానమన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది.

ఈ సందర్భంలో ఒడిశా పల్లెల్లో చేసిన అధ్యయనాన్ని తరచుగా ఉదాహరిస్తారు. 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. 4,500 మందికి పైగా శిశువులకి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ని, దానికి మేతగా ఒక చక్కెర పీచుని కలిపి వారం రోజులు ఇస్తే, సెప్సిస్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. అద్భుతమైన పని, సందేహం లేదు. కానీ వాళ్లు ఇంటి దగ్గర, తల్లిపాలు తాగుతూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) లేదు, వెంటిలేటర్ లేదు. ఐసీయూలో ప్రోబయోటిక్ ఇవ్వడానికి దీన్ని సాక్ష్యంగా చూపిస్తే, ఆ అధ్యయనం చేసినవాళ్లు చెప్పని మాటని వాళ్ల నోట పెట్టినట్టే.

పెద్ద సంస్థలు కూడా ఒకే మాట మీద లేవు. తల్లిపాలు తాగే, 32 వారాలకి ముందే పుట్టిన శిశువులకి ప్రోబయోటిక్స్ ఇచ్చే విషయం ఆలోచించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో షరతులతో సూచించింది. నెలలు నిండని పిల్లలందరికీ, ముఖ్యంగా కిలో లోపు బరువున్నవాళ్లకి, మామూలుగా ఇవ్వడాన్ని సమర్థించలేమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. ఆధారాలు దాదాపు అవే. వాటిని ఏ త్రాసులో పెట్టారన్నదే తేడా. పేగు జబ్బుతో ఎక్కువమంది శిశువులు పోతున్న చోట చిన్న మేలు కూడా లెక్కలోకి వస్తుంది. ఆ మరణాలు తక్కువగా ఉండి, ప్రతి అరుదైన ఇన్ఫెక్షనూ లెక్కకి వచ్చే చోట అపాయం బరువుగా తూగుతుంది.

మేలు చేయాల్సింది రక్తంలో తేలితే

ఐసీయూలో ప్రోబయోటిక్ వల్ల హాని 'ఉండొచ్చేమో' అనే స్థాయి దాటి చాలాకాలమైంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 2019లో చూపించినది అందుకు తిరుగులేని సాక్ష్యం. ఐసీయూలో జీజీ క్యాప్సూల్స్ తీసుకున్న 522 మందిలో ఆరుగురి రక్తంలో లాక్టోబాసిల్లస్ దొరికింది. తీసుకోని 21 వేల మందికి పైగా రోగుల్లో ఇద్దరిలో మాత్రమే కనబడింది. ఆ ఆరుగురి రక్తంలోని బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని, క్యాప్సూల్లోని దాని జన్యుక్రమాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ ఒకటే. ఒక బిడ్డలోనైతే ఆ బ్యాక్టీరియా ఒంట్లో ఉండగానే ఒక యాంటీబయాటిక్‌కి నిరోధకత తెచ్చుకుంది. ఆరుగురంటే 1.1 శాతం. ప్రాస్పెక్ట్‌లో ఇచ్చిన బ్యాక్టీరియాయే ఉండకూడని చోట పెరిగి కనబడిన ఘటనలు కూడా ఇంచుమించు అంతే: ప్రోబయోటిక్ వైపు సుమారు 1,300 మందిలో 15, ప్లాసిబో వైపు ఒకటి.

నూటికి ఒకరు అంటే చిన్న అంకెలా అనిపిస్తుంది. మేలు కూడా గట్టిగా రుజువై ఉంటే నేనూ అలాగే అనేవాణ్ణి.

పేగు గోడ నుంచి దాటడం ఒక్కటే దారి కాదు. మంచం పక్కన జరిగేది చూడండి. నర్సు గ్లవుజు వేసుకుని సాచెట్ చించుతుంది, పొడిని చిన్న కప్పులో నీళ్లలో కలిపి, సిరంజిలోకి లాగి ముక్కు గొట్టంలోకి ఎక్కిస్తుంది. చించేటప్పుడు పొడి కొంచెం గాల్లోకి లేస్తుంది, కొంచెం గ్లవుజుకి అంటుతుంది. ఈలోగా ఇన్ఫ్యూజన్ పంపు మోగుతుంది. ఆ గ్లవుజుతోనే వెళ్లి సెంట్రల్ లైన్ మూత తిప్పితే, పేగుకి వెళ్లాల్సినది గుండె దగ్గరి పెద్ద రక్తనాళానికి చేరుతుంది. సాకరోమైసిస్ బౌలార్డి ఇలా తీసుకున్నవాళ్ల రక్తంలోనే కాదు, పక్క మంచం మీద ఉన్నవాళ్ల రక్తంలో కూడా తేలిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ప్రాణాపాయ స్థితిలో ఉన్నవాళ్లకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి, సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకి దాన్ని అసలు ఇవ్వకూడదని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2017లో తేల్చింది. ఆ సాచెట్లని రోగి గదిలో విప్పవద్దు అన్నది కూడా ఆ జాగ్రత్తల్లో ఒకటి.

పొడి స్వచ్ఛత సంగతి ఇంకోటి. 2014లో అమెరికాలో నెలలు నిండని ఒక శిశువు ఫంగస్ ఇన్ఫెక్షన్‌తో పోయింది. ఇచ్చిన ప్రోబయోటిక్ పొడిలోనే ఆ బూజు కలిసి ఉందని తేలింది. అది మందుగా కాక ఆహార పూరకంగా అమ్ముడైన సరుకు; మందుకి ఉండే తనిఖీలు దానికి లేవు. 2023లో మరో శిశువు మరణించింది. అక్కడ కల్తీ ఏమీ లేదు. రక్తంలో దొరికిన బిఫిడోబ్యాక్టీరియమూ ఇచ్చిన ఉత్పత్తిలోనిదీ ఒకటే అని జన్యు పరీక్షలో తేలింది. దాంతో నెలలు నిండని శిశువులకి ఇలాంటివి వాడడం మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులకి హెచ్చరిక జారీ చేసింది.

రక్తం ఆడని పేగులోకి కోట్ల కొద్దీ బ్యాక్టీరియాని, వాటికి మేతని పంపితే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం చెప్పింది. తీవ్రమైన క్లోమం వాపుతో ఉన్న 298 మందితో చేసి, 2008లో ప్రచురించారు. ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో 16 శాతం మంది, ప్లాసిబో వైపు 6 శాతం మంది చనిపోయారు. పేగుకి రక్తం అందక దెబ్బతిన్నవాళ్లు ప్రోబయోటిక్ వైపు తొమ్మిది మంది, అవతల ఒక్కరూ లేరు. షాక్‌లో ఉండి బీపీ మందుల మీద నడుస్తున్న బిడ్డకి ప్రోబయోటిక్ వద్దు అనే వైద్యుల మనసులో ఉండేది ఈ అధ్యయనమే. ఆ విషయంలో నేను పూర్తిగా వాళ్ల వైపే.

మరి ఎక్కడైనా చోటుందా?

ఉంది, కానీ ఇరుకు. యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే విరేచనాల్ని ఆపడంలో పిల్లలకి ప్రోబయోటిక్స్ పనికొస్తాయన్న ఆధారం గట్టిదే. వైద్య ఆధారాల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్షలో 33 అధ్యయనాల్ని కలిపి చూస్తే, ఇచ్చిన పిల్లల్లో 8 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 19 శాతం మందికి విరేచనాలు వచ్చాయి. అయితే బాగా నీరసించిన పిల్లలకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి, సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకి ఇవ్వకపోవడమే మంచిదని ఆ సమీక్షే హెచ్చరించింది. ఐసీయూలో ఉండేది ఎక్కువగా వాళ్లే. కాబట్టి ఐసీయూ నుంచి వార్డుకి మారి, గొట్టాలు తీసేసి, యాంటీబయాటిక్ మాత్రం కొనసాగుతున్న బిడ్డ దగ్గర ఈ మాట పనికొస్తుంది.

'యాంటీబయాటిక్ అయిపోయాక పేగుని మళ్లీ నింపడానికి' అంటూ ఇచ్చే అలవాటు మీద కూడా నాకు అంత నమ్మకం లేదు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి యాంటీబయాటిక్ ఇచ్చి, తరవాత కొందరికి 11 స్ట్రెయిన్ల ప్రోబయోటిక్ ఇచ్చారు. ఏమీ ఇవ్వనివాళ్లకన్నా వాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది. కొద్దిమందితో చేసిన పనే, పిల్లలు కూడా కారు. అయినా 'చేస్తే మేలు, లేకపోతే హాని ఏముంది' అనే మాటకి అది ఎదురు సాక్ష్యం.

సాచెట్ చుట్టూ ఇంత వాదన నడుస్తుండగా, అదే పేగుని కాపాడే మామూలు పనులకి ఎవరూ ప్రకటనలు ఇవ్వరు. బీపీ కుదుటపడగానే, వీలైతే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, గొట్టం ద్వారా కొద్దికొద్దిగా పాలు మొదలుపెట్టడం. పసికందైతే తల్లిపాలు, అందులో బ్యాక్టీరియాకి మేత అయ్యే చక్కెరలూ, రక్షణ ఇచ్చే యాంటీబాడీలూ, కొంత బ్యాక్టీరియా కూడా ఉంటాయి. ఏ క్రిమో తేల్చే కల్చర్ రిపోర్టు రాగానే అవసరం లేని యాంటీబయాటిక్‌ని ఆపేయడం. కారణం లేకుండా యాసిడ్ తగ్గించే మందు రాయకపోవడం. తల వైపు మంచాన్ని ఎత్తి ఉంచడం, నోటిని శుభ్రం చేయడం, చేతులు కడుక్కోవడం. ఇవన్నీ సరిగ్గా జరుగుతున్న ఐసీయూ ఏదైనా ఒక నిర్దిష్టమైన స్ట్రెయిన్‌ని ఒక నిర్దిష్టమైన ప్రయోజనం కోసం పరీక్షిస్తానంటే నాకు అభ్యంతరం లేదు. ఇవేవీ జరగని చోట సాచెట్ ఇవ్వడం మాత్రం చేతికందిన తేలికైన పని చేసి ఊరుకోవడం.

పిల్లవాడు ఐసీయూలో ఉన్న తల్లిదండ్రులు వైద్యుణ్ణి అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. ఇస్తున్నది ఏ స్ట్రెయిన్, దేన్ని ఆపడానికి, ఎన్నాళ్లు, మా బిడ్డకి సెంట్రల్ లైన్ ఉన్నా పర్వాలేదా? ఇవి అడిగితే ఎవరూ తప్పు పట్టరు. బయటినుంచి తెచ్చిన సాచెట్‌ని 'బలానికి మంచిదే కదా' అని నర్సుకి చెప్పకుండా గొట్టంలోనో నోట్లోనో వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఆసుపత్రికి రాకముందు బిడ్డ ఏదైనా ప్రోబయోటిక్ తీసుకుంటూ ఉంటే, అది మానేసినా సరే, పేరు చెప్పి వీలైతే ఖాళీ ప్యాకెట్ చూపించండి. దీనికి గట్టి కారణమే ఉంది. బ్లడ్ కల్చర్‌లో లాక్టోబాసిల్లస్ పెరిగితే, రక్తం తీసేటప్పుడు ఏదో కలిసిందిలే అని పక్కన పెట్టేసే అవకాశం ఉంది. లైన్ ఇన్ఫెక్షన్ అనుమానం రాగానే చాలాచోట్ల మొదట మొదలుపెట్టేది వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్. జీజీకి పుట్టుకతోనే వాంకోమైసిన్ నిరోధకత ఉంది. దాన్ని లొంగదీసేది సాధారణంగా యాంపిసిలిన్ లాంటి పాత మందు. బౌలార్డి అయితే ఫంగస్ మందే కావాలి. ఏ మందు ఎంచుకోవాలో తేల్చేది ఆ ప్యాకెట్ మీది పేరే.